పుస్తకంలాంటి పెట్టె

ఇల్లు, వెనక గది
వానలు మొదలైన వారం

అత్తయ్యకు,

ఈ ఉదయం నాన్న టీ కప్పులో జిగురు కుంచె నిలబడి ఉంది. జిగురు గిన్నెలో ముంచవలసినది టీలో ముంచారు. నేను చూశానని ఆయనకు తెలుసు. కుంచె కడిగి ఆరబెట్టాను. వేరే టీ పెట్టి ఇచ్చాను.

షాపు ఖాళీ చేసి వచ్చేశాం. ఆ భవనం పడగొడుతున్నారని చెప్పాను కదా. సామానంతా ఇంటి వెనక గదిలోకి చేర్చాం. పుస్తకాలు బిగించే పెద్ద ప్రెస్సు తలుపు పక్కనే ఆగిపోయింది, ఇక లోపలికి జరగదు. మేమిద్దరం పక్కకు తిరిగి నడుస్తున్నాం. అట్టలు నా మంచం కింద ఉన్నాయి. గుడ్డ చుట్టలు నాన్న మంచం కింద ఉన్నాయి. నిద్రలో కూడా జిగురు వాసనే.

చెప్పవలసింది ఇది. అక్షరాల పెట్టె పోయింది.

మీరు చాలా ఏళ్లుగా చూడలేదు కాబట్టి గుర్తు చేస్తున్నాను. వేడి చేసి అద్ది పుస్తకాల వీపు మీద పేర్లు వేసే ఇత్తడి అక్షరాలు అందులో ఉంటాయి. పెట్టె చెక్కదే కానీ, నాన్న వయసులో ఉన్నప్పుడు దానికి ముదురు ఎరుపు గుడ్డ చుట్టి, మూలలకు తోలు వేసి, అచ్చం లావుపాటి పుస్తకంలా బైండు చేశారు. షాపుకొచ్చినవాళ్లు దాన్ని తెరవబోయేవాళ్లు. “దాన్ని చదవాలంటే ముందు వేడి చెయ్యాలండీ” అనేవారు నాన్న. ఆయనకున్నది ఆ ఒక్క జోకే. అమ్మ పోయాక కూడా అది మానలేదు.

సామాను తరలించిన రోజున నేను వ్యాన్ దగ్గర ఉన్నాను. కాలేజీ లైబ్రరీకి ఇవ్వవలసిన సంపుటాల మొదటి కట్టలను నాన్నే స్వయంగా తీసుకెళ్లి ఇచ్చి వచ్చారు. సాయంత్రం సర్దుతుంటే పెట్టె లేదు. వ్యాన్‌లో ఎక్కించానో లేదో నేను ఒట్టు పెట్టి చెప్పలేను. “వ్యాన్‌లోనే పోయుంటుందిలే” అన్నారు నాన్న. నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. తిడితే బాగుండేది.

రెండో విడత సంపుటాలు కుట్టేశాను, అట్టలు కూడా వేశాం. పేర్లు లేవు. ఎర్రటి వీపులన్నీ మొహాలు కడుక్కోని మనుషుల్లా వరసగా ఉన్నాయి. నాన్న వాటివైపు చూడటం లేదు.

మీ మోకాలి నొప్పి ఎలా ఉంది?

పిచ్చుక

*

హాస్టల్, మెట్ల కింద గది
ఆదివారం

ఒసే పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి మంచం మీద కూలబడ్డాను. మా అన్నయ్య పెళ్లి ఉంగరం పోయినా ఇంత బాధపడనేమో. ఆ పెట్టె ఎవరు తయారుచేశారో, ఎప్పుడు తయారుచేశారో నాకు తెలీకపోవడమేమిటి! ఆ గుడ్డకి జిగురు రాసింది నేను. మూలలు సరిగ్గా మడవలేదని నా నెత్తిన మొట్టింది మీ నాన్న. నువ్వు నాకు గుర్తు చేస్తున్నావా?

వ్యాన్ వాళ్లని వదలకు. నువ్వు వెళ్లి నోరు తెరవకుండా నిలబడితే వాళ్లు నిన్ను స్తంభం అనుకుంటారు. గట్టిగా అడుగు. దొరికించేవాడు దేవుడే గానీ, అడగాల్సిన చోట అడగడం మన పని.

నేను ఇవాళే ప్రార్థనలో పెట్టాను. మాది చిన్న గుంపే. నేను, వంటామె, గేటు దగ్గర పెద్దాయన, నర్సింగు చదివే పిల్లలిద్దరు. చిన్న గుంపని తీసిపారెయ్యకు. పోయిన నెలలో ఒక పిల్ల చెవి పోగు పోతే మూడు పూటలు ప్రార్థించాం, స్నానాల గదిలో నీళ్లు పోయే జల్లెడలో దొరికింది. గేటాయన పళ్ల సెట్టు దొరికింది. నా కళ్లజోడు దొరికింది. అది నా నెత్తి మీదే ఉందనుకో. నవ్వకు. నెత్తిమీద ఉన్నది కనిపించాలన్నా ఆయన దయ ఉండాలి.

ఒక్కటి మాత్రం వివరంగా రాయి. ఇప్పుడు ఆ పెట్టె రంగు వెలిసిందా, మూలలు అరిగాయా? కళ్లు మూసుకుంటే స్పష్టంగా కనపడాలి. వంటామె ఒకసారి వివరం చెప్పకుండా గొడుగు కోసం ప్రార్థిస్తే ఎవరిదో నీలం గొడుగు వచ్చి చేరింది. ఇప్పటికీ ఆ గొడుగుగలవాళ్లు ఎక్కడ తడుస్తున్నారో అని బెంగ దానికి.

మీ నాన్నకి ధైర్యం చెప్పు. వేళకి తినమను. నా మోకాలు నాతోనే ఉంది, అది మాత్రం ఎక్కడా పోదు.

మీ అత్త

*

ఇల్లు, వెనక గది
బుధవారం

అత్తయ్యకు,

వ్యాన్ ఆఫీసుకు మళ్లీ వెళ్లాను. మీరు చెప్పినట్టు గట్టిగానే అడిగాను. గట్టిగా అంటే, గుమాస్తాకు రెండోసారికి వినపడింది.

“ఏం పోయిందమ్మా?”

“పెట్టె అండీ. పుస్తకంలా ఉంటుంది.”

“పెట్టా, పుస్తకమా?”

“పెట్టే. కానీ చూడటానికి పుస్తకం.”

“లోపల ఏముంది?”

“అక్షరాలు.”

ఆయన పెన్ను కింద పెట్టేశాడు. “పెట్టె అంటావు, పుస్తకం అంటావు, అందులో అక్షరాలంటావు. మరి పుస్తకంలో అక్షరాలుండక ఇడ్డెనలుంటాయా తల్లీ? ఏదో ఒకటి తేల్చుకుని రా” అన్నాడు. వెనక బెంచీ మీద డ్రైవర్లు నవ్వారు. నాకు కూడా నవ్వు వచ్చింది కానీ అప్పుడు కాదు, ఇంటికి వచ్చి చేతులు కడుక్కుంటున్నప్పుడు. మొత్తానికి వ్యాన్ తీసి చూపించారు. అందులో తాడు ముక్కలు తప్ప ఏమీ లేవు.

రంగు కొంచెం వెలిసింది. కుడివైపు కింది మూల తోలు లేచింది. వీపు మీద ఏ పేరూ లేదు.

మీ ప్రార్థనల సంగతి చదివితే మా స్కూలు గుర్తొచ్చింది. ఏదైనా పోతే సిస్టర్ క్లాసంతటినీ మోకాళ్ల మీద నిలబెట్టి కళ్లు మూయించేవారు. ప్రార్థన చాలాసేపు సాగేది. కళ్లు తెరిచేసరికి పోయిన వస్తువు ఎక్కడో ఒకచోట కనిపించేది. నేను అద్భుతం అనుకునేదాన్ని. ఒకసారి ప్రార్థన మధ్యలో నా పక్కనుంచి ఎవరో మెల్లగా నడిచి వెళ్లిన చప్పుడు వినపడింది. నేను కళ్లు తెరవలేదు. క్లాసులో అందరికన్నా గట్టిగా కళ్లు మూసుకునేది సిస్టరేనని ఆ రోజు తెలిసింది. అప్పటినుంచి ఆవిడంటే నాకు ఇంకా ఇష్టం.

ఇంకొక విషయం. నాన్నకు చెప్పలేదు, మీరూ చెప్పవద్దు. కాలేజీ లైబ్రరీలో సహాయకురాలి ఉద్యోగం ఖాళీగా ఉందని లైబ్రేరియన్ చెప్పారు. దరఖాస్తు పెట్టాను. చదివిన చదువుకు సరిపోతుంది. పుస్తకాలను కుట్టడం కాకుండా తెరిచి చూసే పని. నాకు ఎనిమిదో తరగతి నుంచీ చేతిలో దబ్బనమే ఉంది అత్తయ్యా. పని చేదని కాదు. నేను బల్ల దగ్గర లేకపోతే నాన్న పని ఒక్క రోజు కూడా నడవదు. అందుకని ఆ ఉద్యోగం వస్తే ఏం చెయ్యాలో నాకు తెలియదు.

నిన్న నాన్న అన్నారు, “అక్షరాలు దొరక్కపోతే ఇక ఇదంతా ఎత్తేద్దాం. మీ అత్త దగ్గరికి వెళ్లిపోతాను” అని. గోడవైపు తిరిగి అన్నారు.

మీరు సాయంత్రం ఆరింటికి ప్రార్థిస్తారు కదా. ఆ వేళకే నేనూ చేస్తున్నాను.

పిచ్చుక

*

హాస్టల్, మెట్ల కింద గది
ఉత్తరం అందిన రోజే

పిచ్చుకా,

మీ నాన్న నా దగ్గరికి వస్తానన్నాడా? ఆ ముక్క మళ్లీ రాయి. సరిగ్గా ఏమన్నాడో ఆ మాటలే రాయి. కొన్నాళ్లు ఉండిపోవడానికా, పూర్తిగానా?

రాకూడదని కాదు. వాడు నా అన్నయ్య. కానీ ఇది ఆడపిల్లల హాస్టల్. గేటాయన కూడా తలుపు దాటి లోపలికి రాడు. నాకున్నది మెట్ల కింద గది. తల పైకెత్తితే మెట్టు తగులుతుంది. అన్నయ్య వస్తే నేను ఈ హాస్టల్ ఉద్యోగం మానేసి, ఇల్లు చూసుకుని, పొయ్యి పెట్టుకోవాలి. సరే, అదంతా ఇప్పుడెందుకు.

ఉద్యోగం సంగతి బాగుంది. నీకు తగినదే. అడిగినదానికి తల వంచుకోకుండా జవాబు చెప్పు. కానీ పెట్టె దొరికే దాకా మీ నాన్న ముందు ఎత్తకు. ఒక్కసారే రెండు దెబ్బలు తట్టుకోలేడు.

పెట్టె దొరుకుతుంది. దొరికి తీరాలి. ఇవాళ్టినుంచి అది దొరికే దాకా సాయంత్రం ప్రార్థన అయ్యే వరకు పచ్చి నీళ్లు తప్ప ఏమీ ముట్టనని మొక్కుకున్నాను. వంటామె మొహం మాడ్చుకుంది. “మీరు తినకపోతే ఆయనకేమైనా మిగులుతుందా?” అంటుంది. దాని నోరు దానిది, నా మొక్కు నాది.

నువ్వు కూడా ఆరింటికి చేస్తున్నావని రాశావు. చదివి కళ్లనీళ్లు వచ్చాయి. ఇద్దరు కలిసి ఒకే మాట అడిగితే కాదనడు.

మీ అత్త

*

ఇల్లు, వెనక గది
శనివారం

అత్తయ్యకు,

నాన్న అన్న మాటలు అంతే. అంతకన్నా వివరంగా ఆయన ఏమీ చెప్పరు.

ఇంటర్వ్యూకు వెళ్లి వచ్చాను. బైండు చెయ్యవలసిన కొత్త కట్టలు తేవడానికి వెళ్తున్నానని నాన్నకు చెప్పాను. అది అబద్ధం కాకుండా ఉండాలని నిజంగానే రెండు కట్టలు మోసుకొచ్చాను.

ముగ్గురు కూర్చున్నారు. పుస్తకాలు పాతబడకుండా ఏం చేస్తారని ఒకరు అడిగారు. “చదవకుండా ఉంచుతాం” అనేశాను. నేను జోకు వెయ్యాలనుకోలేదు, అది నిజం. వాళ్లు నవ్వారు. తర్వాత లైబ్రేరియన్ నన్ను అల్మరాల మధ్యకు తీసుకెళ్లి, మేం బైండు చేసిన సంపుటాలు చూపించారు. ఆయన మెత్తటి మనిషి. “మీ నాన్నగారి కుట్టు ఇప్పటికీ రాయే. పేర్లే ఈసారి కాస్త పక్కకు పోయాయి” అన్నారు. ఆ పేర్లు వేసేటప్పుడు నాన్న నన్ను గదిలోకి రానివ్వలేదు. నేను చూడటం అదే మొదటిసారి. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి.

ఫలితం రెండు వారాల్లో చెబుతారట.

ఇంటికి వచ్చేసరికి నాన్న కాగితం చీటీల మీద చేత్తో పేర్లు రాయడానికి ప్రయత్నిస్తున్నారు. నన్ను చూసి చీటీలన్నీ పొయ్యిలో పడేశారు.

“ఏమంటున్నారు అక్కడ?” అన్నారు.

“కుట్టు బాగుందన్నారు.”

“ఇంకేమన్నారు?”

“ఇంకేం లేదు నాన్నా.”

ఆయన చాలాసేపు నన్నే చూశారు.

పెట్టె గురించి కొత్త సంగతేమీ లేదు. మీరు మాత్రం భోజనం మానకండి అత్తయ్యా. మీకు ముందే నీరసం. దేవుడికి అంత పట్టింపు ఉంటుందని నేను అనుకోను.

చాలా అలసటగా ఉంది. మిగతాది తర్వాత.

పిచ్చుక

*

హాస్టల్, మెట్ల కింద గది
మంగళవారం

పిచ్చుకా,

చేతిరాత చూసి కంగారుపడకు. ఎడమ చెయ్యి కట్టులో ఉంది కాబట్టి కాగితం కదులుతోంది, అంతే.

నిన్న పాలగిన్నె పట్టుకుని పై అంతస్తుకి ఎక్కుతుంటే కళ్లు తిరిగాయి. ఎన్ని మెట్లు దొర్లానో నాకు తెలీదు, పిల్లలు తలోమాటా చెబుతున్నారు. గిన్నె మాత్రం నాకన్నా ముందే కిందికి చేరింది. మణికట్టు దగ్గర ఎముక చిట్లిందట. నర్సింగు పిల్లలకి నేను దొరికాను కదా, పరీక్ష రాస్తున్నట్టు కట్టు కట్టారు. ఒక పిల్ల కట్టింది ఇంకో పిల్ల విప్పి మళ్లీ కట్టింది.

వంటామె నన్ను తిట్టిన తిట్లు ఉత్తరంలో పట్టవు. బలవంతాన చక్కెర నీళ్లు పోసింది. ఆ ఒక్కసారికీ దేవుడు లెక్క వెయ్యడులే. మొక్కు మాత్రం వదల్లేదు. ఇన్నాళ్లు చేసి ఇప్పుడు ఆపితే చేసినదంతా బూడిదలో పోసిన పన్నీరే. పెట్టె కంటబడిన రోజే నేను పగటి పూట అన్నం ముట్టేది.

మీ నాన్నకి ఈ సంగతి చెప్పకు. నీ ఉద్యోగం ఏమైంది?

మీ అత్త

*

ఇల్లు, వెనక గది
శుక్రవారం

అత్తయ్యకు,

పెట్టె దొరికింది. ఇన్నాళ్లూ లైబ్రరీలో ఉంది. అల్మరాలో సంపుటాల మధ్య ఉంటే అక్కడివాళ్లు చూసి, ఈ మధ్యాహ్నం ఇంటికి చేర్చారు. అక్షరాలన్నీ ఉన్నాయి. ఒత్తులు, అంకెలు కూడా సరిపోయాయి.

ఈ ఉత్తరం అందిన వెంటనే భోజనం చెయ్యండి. చదవడం అయ్యాక కాదు, వెంటనే.

పూర్తిగా తర్వాత రాస్తాను.

పిచ్చుక

*

హాస్టల్, మెట్ల కింద గది
సోమవారం, కడుపు నిండాక

నా బంగారు పిచ్చుకా,

తిన్నాను. వంటామె ఎదురుగా కూర్చుని, రెండోసారి వడ్డించి, అదీ అయ్యే దాకా కదలనివ్వలేదు. తింటూ ఏడ్చాను. అది కూడా ఏడ్చింది, ఉల్లిపాయల వల్ల అంది. దాని చేతిలో ఉల్లిపాయ లేదు.

చూశావా మరి! నేనన్నానా లేదా? నీ ఉత్తరం నలుగురికీ చదివి వినిపించాను. గేటాయన తలుపు అవతలే నిలబడి విన్నాడు. “పోయిన పెట్టె పుస్తకాల్లో కలిసిపోయిందటమ్మా, అక్కడ దాన్ని ఎవరు పోల్చగలరు?” అన్నాడు. అదే నేనూ అంటున్నాను. అన్నేసి పుస్తకాలు, అన్నీ అదే ఎరుపు. ఎవరూ ముట్టుకోని అల్మరా. సరిగ్గా ఆ పెట్టె మీదే చూపు పడాలని వాళ్లకి బుద్ధి పుట్టించింది ఎవరు? చెప్పు. నీ చదువంతా పెట్టి చెప్పు.

ఇప్పుడొక మాట. పొట్ట నిండింది కాబట్టి ధైర్యం వచ్చింది. ఈ ఉత్తరం చదివి చించెయ్.

నేను అన్నయ్య కోసమే మొక్కుకున్నానని అందరూ అనుకుంటున్నారు. మొదటి వారం నిజంగానే వాడి కోసమే. నువ్వు “అత్త దగ్గరికి వెళ్లిపోతాను” అన్నాడని రాశావే, ఆ రోజునుంచి నా కోసం. మీ మామయ్య మంచాన పడ్డాక ఆరేళ్లు, వాళ్లమ్మ పడ్డాక ఇంకో నాలుగేళ్లు, ఎత్తి దించి, తుడిచి, తినిపించి, నా నడుము నాది కాకుండా పోయింది. ఇద్దరూ వెళ్లిపోయాక ఈ మెట్ల కింద గదికి వచ్చి, తలుపు గడియ పెట్టుకుని, నా మంచం మీద నేను వెల్లకిలా పడుకున్నాను. అంత సుఖం నేనెప్పుడూ ఎరగను. మళ్లీ ఒక మగాడి పథ్యం, ఒక మగాడి అలక, నావల్ల కాదే. తోడబుట్టినవాడైనా కాదు. దేవుడా, పెట్టె దొరికించు, వాణ్ని వాడి బల్ల దగ్గరే ఉంచు అని అడిగాను. అంటే నిన్ను కూడా ఆ బల్ల దగ్గరే కట్టెయ్యమని అడిగినట్టే. అది తెలిసే అడిగాను.

అయినా విన్నాడు. అదే నాకు అర్థం కావడం లేదు. ఇంత స్వార్థం కలిసిన ప్రార్థన కూడా వింటాడా?

నీ ఉద్యోగం సంగతి రాయడం లేదు నువ్వు.

మీ అత్త

*

ఇల్లు, వెనక గది
వానలు తగ్గాయి

అత్తయ్యకు,

మీ ఉత్తరం చించలేదు. కాల్చాను. చించితే నాన్న ముక్కలు ఏరి జిగురు పెట్టి అతికిస్తారు, ఆయన అలవాటు మీకు తెలుసు.

మీరు చెప్పారు కాబట్టి నేనూ చెబుతాను. ఆరింటికి నేను చేసిన ప్రార్థన మీతో కలిసి చేసినది కాదు. పెట్టె దొరకకూడదని అడిగాను. అది దొరక్కపోతే షాపు ఉండదు, షాపు లేకపోతే నేను లైబ్రరీకి వెళ్లవచ్చు. నాన్న మీ దగ్గర ఉంటారు. మీరు ప్రేమగా చూసుకుంటారు. అంతవరకే ఆలోచించాను. మీ నడుము గురించి ఆలోచించలేదు. మనిద్దరం ఒకే వేళకు ఎదురెదురు మాటలు అడిగాం. ఎవరి మాట వినాలో ఆయనకు కూడా విసుగొచ్చి ఉంటుంది.

పెట్టె ఇంటికి వచ్చిన రోజు సంగతి రాస్తాను.

లైబ్రేరియనే స్వయంగా తెచ్చారు. బల్ల మీద పెట్టి, మంచినీళ్లు తాగి, వాన గురించి మాట్లాడి వెళ్లిపోయారు. నాన్న దాన్ని ముట్టుకోలేదు. నేను దగ్గరికి వెళ్లి చూశాను. ఏ పేరూ లేని వీపు మీద ఇప్పుడు పేరుంది. లైబ్రరీ సంపుటాల పేరే, వరసలో తర్వాతి సంఖ్యతో. అక్షరాలు మెట్లు దిగుతున్నట్టు కిందికి జారాయి. చివరి అక్షరం వీపు దాటి అట్ట మీద పడింది. ఆ ఇత్తడి అక్షరాలు నాన్న దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేవు.

అత్తయ్యా, పెట్టె వ్యాన్‌లో పోలేదు. కట్టల్లో పొరపాటున కలవలేదు. నాన్నే దానికి పేరు వేసి, తీసుకెళ్లి, అల్మరాలో పెట్టి వచ్చారు.

ముందు ఆయనే మాట్లాడారు.

“చూశావుగా.”

“చూశాను.”

“చెయ్యి పోయిందని చెప్పడం కన్నా పెట్టె పోయిందని చెప్పడం తేలికమ్మా.”

ఆయన కుడి చెయ్యి బల్ల మీద పెట్టి చూపించారు. ఆపాలని చూస్తున్నారు, అది ఆగడం లేదు. వేరే ఎవరిదో చెయ్యిని చూసినట్టు ఇద్దరం దాన్ని చూశాం.

“పారెయ్యడానికి మనసు రాలేదు. నదిలో వేద్దామని బయల్దేరాను. దారిలో లైబ్రరీ వచ్చింది. పుస్తకాల మధ్య ఉంటుందిలే అనిపించింది” అన్నారు. మళ్లీ ఆయనే, “మీ అత్తకి రాయి, దాని ప్రార్థన ఫలించిందని. దానికి మాత్రం ఇదంతా చెప్పకు. చిన్నప్పటినుంచీ ఎగతాళి చేస్తుంది” అన్నారు.

నేను చెప్పేశాను. మీరు ఎగతాళి చెయ్యరని నాకు తెలుసు. ఒకవేళ చేసినా కొంచెం చెయ్యండి, ఆయనకు అదే బాగుంటుంది.

మీ చెయ్యి విరిగిన సంగతి కూడా ఆయనకు చెప్పేశాను. లేచి రెండుసార్లు గది దాటి వెళ్లి వచ్చారు, పక్కకు తిరిగి. “దొంగ మొహంది, నా పెట్టె కోసం ఉపవాసమా?” అన్నారు. తర్వాత మొహం తుడుచుకున్నారు.

మీ దగ్గరికి రారు. నిన్న అడిగాను. “ఆడపిల్లల హాస్టల్‌కి నేనెందుకు? ఏదో మాట వరసకి అన్నాను” అన్నారు. దారం ఎక్కించి ఇస్తే కుట్టు ఆయన కుట్టగలరు, నెమ్మదిగా. అట్టలు కొయ్యడం, పేర్లు వెయ్యడం మానేశారు. పేర్లు నేను సాయంత్రాలు వేస్తాను. అక్షరాలు వేడి చెయ్యడం నేర్పారు. నేర్పుతున్నంతసేపూ తిట్టారు. చాలా రోజుల తర్వాత నాకు అది విని ఆకలి వేసింది.

లైబ్రరీ ఉద్యోగం వచ్చింది. ఎలా చెప్పాలా అని అన్నం దగ్గర నేను తల వంచుకుని ఉంటే, నాన్నే అన్నారు, “చేరేది ఎప్పుడు?” లైబ్రేరియన్ ఆయనకు ఎప్పుడో చెప్పారట. నేను దరఖాస్తు పెట్టిన వారమే.

“మీకు ముందే తెలిస్తే అడగలేదేం?”

“నువ్వు చెప్పలేదుగా.”

“మీరూ చెప్పలేదుగా.”

“మీ అమ్మ పోయాక ఈ ఇంట్లో మాట్లాడే మనుషులే లేకుండా పోయారు” అన్నారు. కోపంగానే అన్నారు.

వచ్చే సోమవారం చేరుతున్నాను. సంతోషంగా ఉందా అని మీరు అడుగుతారు. ఉంది. ముందు ఒక వారం నిద్రపోయి తర్వాత సంతోషించాలని ఉంది.

స్వార్థం కలిసిన ప్రార్థన కూడా దేవుడు వింటాడా అని అడిగారు. నాకు తెలియదు. గేటాయనకు, వంటామెకు చెప్పినది వెనక్కి తీసుకోకండి. వాళ్ల ఆనందం వాళ్లకు ఉండనివ్వండి. మీ ప్రార్థన ఫలించలేదని నేను కూడా అనడం లేదు. అన్ని పుస్తకాల్లో ఆ పెట్టె మీదే చూపు పడేలా బుద్ధి పుట్టించింది ఎవరని మాత్రం అడిగారు కదా, దానికి జవాబు రాయాలి.

పెట్టె ఇన్నాళ్లూ కిటికీ పక్క అల్మరాలో, కింది అరలో ఉంది. ఇంటర్వ్యూకు వెళ్లిన రోజే నేను చూశాను. మీరు మెట్ల మీద పడ్డారని ఉత్తరం వచ్చాక, వెళ్లి అది ఎక్కడుందో లైబ్రేరియన్‌కు చెప్పాను.

పిచ్చుక